గడపలోంచి కనబడే బడి

ఇల్లు మారాలంటే మీరు ఇప్పుడు ఫోనులో చుక్కలు చూసుకుంటారు. ఏ వీధికి ఎన్ని చుక్కలు, ఏ బడికి ఎన్ని చుక్కలు అని. మా కాలంలో చుక్కలు లేవు గానీ పట్టింపులకు కొదవ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం, ముగ్గురికీ మూడు పట్టింపులు. ఆ మూడింటికీ సరిపడిన ఊరు ఒక్కటే దొరికింది. అంత బాగా ఎందుకు సరిపోయిందో మాకు తెలిసేసరికి ఇంటి ముందు తవ్వకం మొదలైంది. రాసుకో, నెమ్మదిగానే చెబుతాను.

నందికొండ దగ్గర కృష్ణ మీద డ్యాము కడుతున్న రోజులవి. మాది నల్లగొండ పక్కన నేతపని వాళ్ళ ఊరు. నూలు దొరకడం కష్టమై, నేసిన చీర అమ్ముకోవడం ఇంకా కష్టమై, మీ తాత డ్యాము దగ్గర సిమెంటు గోదాములో పనికి కుదిరాడు. చిరిగిన గోనె సంచులు కుట్టే పని. తెగిన పోగును కంటికి కనబడకుండా ముడివేసే చేతులు కదా, రెండు నెలలకే ఆయన్ను నలుగురి మీద మేస్త్రీని చేశారు. మా అత్త ఊరంతా తిరిగి "మావోడు డ్యాం కడుతున్నడు" అని చెప్పుకుంది. సంచుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెలకోసారి వచ్చి పోవడం ఆయనకూ కష్టమే, మాకూ కష్టమే. అందుకని డ్యాముకు దగ్గరగా ఎక్కడైనా కాపురం పెట్టాలనుకున్నాం. మీ తాతకు భద్రంగా ఉండే జాగా కావాలి, శనివారం సాయంత్రం లారీ ఎక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరాలి. మా అత్తకు మగ్గం గుంట తవ్వుకునే ఇల్లు, దాని ముందు పడుగు చాపుకునే వీధి కావాలి. పడుగంటే నీకు తెలియదేమో. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నీ వీధి పొడుగునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. వంకర వీధిలో ఆ పని కాదు. బండ్లు తిరిగే వీధిలో అసలే కాదు.

నాకు బడి కావాలి. మీ అమ్మకప్పుడు పదేళ్ళు. మా ఊళ్ళో ఉన్న ఐదు తరగతులూ అయిపోయాయి. నాకు వేలిముద్ర తప్ప ఇంకేమీ రాదు. ఉత్తరం వస్తే చదివించుకోవడానికి ఇంకొకరి గడప ముందు నిలబడాలి, వాళ్ళు అన్నం తిని చేయి కడుక్కునేదాకా ఆగాలి. మీ అమ్మ అట్లా నిలబడకూడదని నా పట్టుదల.

"ఆరోది సదివి ఏం జేస్తదే?" అంది మా అత్త. "మగ్గం మీద కూసుంటె ఎవలన్న సర్టిఫికెట్ అడుగుతరా?"

"నూలు దుక్నపోడు ఇచ్చే చిట్టి సదువుకుంటది గదత్తా. ఇప్పుడు వాడు ఏం రాస్తే గదే మనకు నిజం," అన్నాను.

ఆ మాట ఆమెకు తగిలింది. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది, షరతు పెట్టి ఒప్పుకుంది. "సదువుకోని. కని బడి మన దర్వాజల కూసుంటె కనబడాలె. పోరి పోవుడు, వచ్చుడు నా కండ్ల ముంగట జరగాలె. కనబడని బడికి పంప."

కొడుకే కంటికి కనబడనంత దూరం పోయాడని ఆమె బాధ. అది తర్వాత అర్థమైంది నాకు. అప్పుడు మాత్రం కావాలనే పెట్టిన పేచీ అనుకున్నాను.

మొదట డ్యాము దగ్గరి క్యాంపుకే పోయి చూశాం. వరసగా తడికల గుడిసెలు, రేకుల షెడ్లు, ఎవరి మాట ఎవరికీ అర్థం కాని జనం. మధ్యాహ్నం కూత పెట్టి కొండలో తూటాలు పేల్చారు. మేము కూర్చున్న గుడిసెలో మంచినీళ్ళ కుండ జానెడు పక్కకు జరిగింది. మా అత్త ఆ కుండను చూసి లేచి నిలబడింది.

"ఈడ మగ్గం పెడితే పోగులన్ని ఒక్కపాలి తెగుతయి. నడువుండ్రి," అంది.

తర్వాత మర్రిగూడ. అక్కడ మీ తాత అక్క ఉండేది, నా ఆడబిడ్డ. డ్యాముకు దూరమే గానీ కిరాయి లేని ఇల్లు, పక్కనే చుట్టాలు, వెడల్పాటి వీధి. "ఇంతకన్న భద్రం ఏడుంటది?" అన్నాడు మీ తాత. నేను వంటింట్లో పప్పు పొయ్యి మీద పెట్టాను. పొద్దున పెట్టిన పప్పు పొద్దు నడినెత్తికి వచ్చినా ఉడకలేదు.

"మా నీళ్ళు జర బరువు," అంది ఆడబిడ్డ. "తాగంగ తాగంగ అలవాటైతది."

వాకిట్లో ఆడుకునే పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు. మీ అమ్మ ఊరుకునే రకం కాదు, అడిగేసింది. "అత్తమ్మా, గా పోరగాండ్ల పండ్లు గట్లెందుకున్నయి?"

"గవి మా ఊరి పండ్లు బిడ్డా. యాడ తప్పిపోయినా పట్టుకొచ్చి ఈడనే దింపుతరు," అంది ఆడబిడ్డ నవ్వుతూ. ఆమె పళ్ళూ అట్లాగే ఉన్నాయి. ఇంటి ముందు మంచం మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళు మడవలేక కాళ్ళు బారజాపుకుని. వయసు నలభై దాటదన్నారు. అప్పుడు ఆ నీళ్ళ రోగానికి మాలో ఎవరికీ పేరు తెలియదు. పేరు తెలియని దాన్ని ఎవరూ రోగమనరు, అలవాటంటారు. ఆడబిడ్డ మనసు నొప్పించకూడదని నేను నెపం పప్పు మీద పెట్టాను. "వదినా, నీ తమ్మునికి మెత్తటి పప్పు లేకుంటె ముద్ద దిగదు. ఎట్ల మరి?" అన్నాను. మీ తాత నా వైపు చూసి గతుక్కుమన్నాడు గానీ కాదనలేదు.

మూడోది హాలియా దాటాక ఒక పల్లె. పేరు చెప్పను. ఆ ఊరి వాళ్ళు ఇది చదివితే నా మీదికి వస్తారు. అప్పటికింకా అక్కడ కాలువ లేదు, వరి లేదు, కనుచూపు మేర జొన్న చేలే. ఊరి అంచున అయిదు ఇళ్ళ వరస. వాటి ముందు వీధి ఉంది చూడు, అట్లాంటి వీధిని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వెడల్పుగా, చదునుగా, పోగు లాగి కట్టినట్టు తిన్నగా, చూపు ఆనినంత దూరం పోతుంది. ముళ్ళకంప లేదు, బండి జాడ లేదు, పశువు లేదు. ఇన్నేసి గజాలకని లెక్కగా, సున్నం పూసిన రాళ్ళు పాతి ఉన్నాయి. వీధికి అవతల, మా గడపకు సరిగ్గా ఎదురుగా, రెండు గదుల పెంకుటిల్లు, దానికో వరండా. అదే బడి. ఏడో తరగతి దాకా ఉంది.

మా అత్త ఒక కన్ను మూసి, పడుగు సరి చూసినట్టు వీధిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. అడుగులు వేసి కొలిచింది. రాళ్ళ దగ్గర ఆగి, చేత్తో ఊపి చూసింది. కదలలేదు.

"గీ రాళ్ళు ఎవలు పాతిండ్రో గని, వాడు నేతపని తెల్సినోడే," అంది.

బడిలోంచి ఎక్కాలు వినబడుతున్నాయి. ఊరి పొలిమేరలో ఉన్నప్పుడే వినబడ్డాయి. పిల్లలందరూ ఒక్క గొంతుతో, ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నారు.

"బడంటే గిట్లుండాలె," అన్నాడు మీ తాత. "ఎంత గట్టిగ సదువుతుండ్రో ఇను."

నేనూ నమ్మాను. చదువు రాని వాళ్ళం, బడిని చెవులతో కాక ఇంకెట్లా పరీక్ష చేస్తాం?

ఇల్లుగలాయన పెద్దమనిషిలా ధోవతి కట్టుకుని వచ్చాడు. ఇంత మంచి వీధిలో బండ్లెందుకు రావని మీ తాత అడిగాడు.

"గది సర్కారు జాగా. ఎవ్వరినీ రానియ్యరు," అన్నాడాయన.

"సూసినవా, సర్కారే కాపాడుతాంది," అన్నాడు మీ తాత నాతో.

"మరి పోలీసు ఠాణా?" అని మా అత్త అడిగింది.

"ఆరు కోసులు పోవాలె."

ఆమె ముఖం విప్పారింది. మీకు ఠాణా దగ్గరుంటే భద్రం. రజాకార్ల ఏళ్ళూ, ఆ తర్వాత పోలీసులు ఇంటింటికీ దిగి గాలించిన ఏళ్ళూ చూసిన వాళ్ళకు ఠాణా ఎంత దూరముంటే అంత భద్రం. ఆ నిమిషంలోనే ఇల్లు ఖాయమైపోయింది.

నాలుగు నెలలు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. మా అత్త పొద్దున్నే పడుగు చాపి, ఒక చివర ఈ సున్నపు రాయికి, రెండో చివర ఆ సున్నపు రాయికి కట్టేది. గంజి ఆరేలోపు గడపలో రాట్నం ముందు కూర్చుని నూలును కండెలకు చుట్టేది. చేయి రాట్నం మీద, చూపు బడి మీద. మీ అమ్మ వీధి దాటి బడి వరండా ఎక్కేదాకా రాట్నం తిరిగేది కాదు, ఎక్కాక తిరిగేది.

ఒక ఆదివారం పొద్దున నలుగురు మనుషులు నేల కొలిచే గొలుసు, జెండాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళతో టోపీ పెట్టుకున్న ఓవర్సీరు ఒకాయన, ఆంధ్ర వైపు మనిషి. మా పడుగు ముందు ఆగిపోయాడు.

"ఎవరిదండీ ఇది? కాలవ రాయికి కట్టేశారేంటి?" అన్నాడు.

"కాలువనా?" అంది మా అత్త. వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసింది. "నీళ్ళేవి?"

"నీళ్ళు తరవాతొస్తాయి మామ్మగారూ. ముందు కాలవ రావాలి కదా."

"యాడికెళ్ళి వస్తది?"

"నందికొండ డ్యాం నుంచి."

వీధిలో ఉన్న అయిదిళ్ళ వాళ్ళూ మీ తాత వైపు తిరిగారు. ఆయన అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు, సగం ముఖానికి నురగ ఉంది.

"ఏంరా," అంది మా అత్త, "గా డ్యాం కట్టేది నువ్వే గద. అండ్లకెళ్ళి కాలువ యాడికి పోతదో నీకెర్క లేదా?"

"నేను సంచులు కుట్టేటోణ్ణమ్మా," అన్నాడు మీ తాత.

మా అత్త తలవంచుకుని రాయి దగ్గరికి పోయి పడుగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు కొడుకు మీద ఆమెకు కోపం రాలేదు. ఊరి మీద వచ్చింది, సర్కారు మీద వచ్చింది, చివరికి ఇల్లుగలాయన మీద నిలిచింది. నేరుగా పోయి అడిగేసింది.

"కాలువ వస్తదని నాకెర్కనే," అన్నాడాయన, తప్పంతా మాదే అన్నట్టు. "మీకెర్క లేదన్న ముచ్చటే నాకెర్క లేదు. నీ కొడుకు డ్యాం మేస్త్రీ అని నువ్వే గద చెప్పినవ్."

తవ్వకం మొదలైంది. కూలీలు, గాడిదలు. గాడిద వీపు మీద మట్టి సంచులు, ఎక్కడం దిగడం. మనిషి లోతు, రెండు మనుషుల లోతు. తవ్విన మట్టినంతా మా వైపు గట్టుగా పోశారు. ఆ గట్టు రోజురోజుకీ పెరుగుతుంటే మా గడపలోంచి బడి రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. మొదట వరండా పోయింది. వారం తర్వాత కిటికీలు పోయాయి. ఆ తర్వాత గోడలు.

"పెంకులు కనబడుతున్నయి గదత్తా," అంటూ నేను రోజులు గడిపాను. ఇంకొక్క సంచి మట్టి పోయకుండా ఉంటే బాగుండునని గాడిదలకు మొక్కుకున్న దాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక బుధవారం పెంకులూ పోయాయి.

"రేపటి సంది పిల్ల కండెలు సుడుతది," అంది మా అత్త.

"బడి ఆడనే ఉన్నదత్తా. గట్టు అడ్డమొచ్చింది, గంతే."

"అడ్డమొచ్చినంక కనబడనట్టే గద. నేనేం మాట మారుస్తలేను. మాటకు నిలబడుతున్న."

మీ అమ్మ మూలన నిలబడి పుస్తకాల సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది. ఏడవలేదు. ఏడిస్తే నేను సముదాయించే దాన్ని. ఆ పిల్ల చేతులు కడుక్కుని వచ్చి రాట్నం దగ్గర కూర్చుంది, నాయనమ్మ చెప్పకముందే. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మీ తాత ఇంటికి రావాలంటే ఇంకా మూడు రోజులు. వచ్చినా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు.

"గంత సూడాలనుంటె గట్టెక్కి సూడు," అన్నాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో మా అత్తతో నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. కోపంతో అన్నాను. ఆమె దాన్ని సలహా అనుకుంది.

మర్నాడు పొద్దున ఆమె రాట్నం నెత్తిన పెట్టుకుని, నూలు చిలపలు చంకలో పెట్టుకుని గట్టెక్కింది. మీ అమ్మను ముందు నడిపించింది. గాడిదలు దిగే బాటలో పిల్ల కాలువలోకి దిగడం, అవతల ఎక్కడం, బడిలోకి పోవడం పైనుంచి చూసింది. చూసి అక్కడే కూర్చుంది. పైన గాలి. పోగు నిలవదు. మట్టి లేచి నూలంతా ఎర్రబడింది. మధ్యాహ్నానికి ఒక గాడిద వెనక నుంచి వచ్చి సగం చిలప నమిలేసింది. కూలీలు పరుగెత్తుకొచ్చి దాని నోట్లోంచి లాగారు గానీ, అది నేతకు పనికొచ్చే నూలు కాదిక.

ఆ నమిలిన నూలు పట్టుకుని ఇంటికి వస్తుందని, వచ్చి నన్ను దులిపేస్తుందని ఎదురుచూశాను. రాలేదు. గట్టెక్కి చూస్తే, గాడిదల వెనకే కాలువ దిగి, అవతల ఎక్కి, బడి వరండాలో స్తంభానికి ఆనుకుని రాట్నం పెట్టుకుంది. నీడ ఉంది, గాలి లేదు, పిల్ల చేతికందే దూరంలో ఉంది. ఇంకేం కావాలి?

అక్కడ కూర్చున్నాక ఆమెకు బడి మొదటిసారి దగ్గర నుంచి కనబడింది. ఇద్దరు పంతుళ్ళలో ఒకాయన ఎప్పుడూ సెలవు మీద ఉంటాడు. రెండో ఆయన పొద్దున రాగానే ఒక పెద్దపిల్లవాణ్ణి లేపి ఎక్కం చెప్పించమని, తువ్వాలు ముఖం మీద వేసుకుని కుర్చీలో నిద్రపోతాడు. పిల్లలు మెల్లగా చదివితే ఆయనకు మెలకువ వస్తుంది, వస్తే బెత్తం తీస్తాడు. అందుకని ప్రాణాలు పోయేట్టు అరుస్తారు. మేము పొలిమేర నుంచి విని మురిసిపోయిన చదువు అదీ.

మూడు రోజులు మా అత్త కండెలు చుడుతూ వింది. నాలుగో రోజు రాట్నం ఆపింది. ఇంటికొచ్చి మీ అమ్మ నాకు అచ్చంగా చేసి చూపించింది.

"పంతులూ, ఓ పంతులూ."

తువ్వాలు కింద నుంచి, "ఏందవ్వా?"

"పొద్దటి సంది పదమూడే నడుస్తాంది. నిన్న సుత గదే. పద్నాలుగు మీ తాన లేదా?"

"పిల్లలకు మంచిగ పట్టుబడాలె గదవ్వా."

"పట్టుబడ్డది. నాకు సుత పట్టుబడ్డది," అని పదమూడో ఎక్కం మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పింది. అంకె రాయడం రాని మనిషి. పిల్లలు పకపకా నవ్వారట. ఆయన తువ్వాలు తీసి మడతపెట్టుకుని లేచి నిలబడ్డాడట.

వారం రోజులు ఓర్చుకుని ఆయన మా ఇంటికి వచ్చాడు. "మీ అత్తను జర ఇంట్ల కూసోబెట్టుకో అమ్మా. పెద్దమనిషి, నేను గట్టిగ అనలేను," అన్నాడు.

"నేనెంత చెప్పినా ఇనది సారూ. దర్వాజలకెళ్ళి బడి కనబడాలెనంటది. గా గట్టు తీపిస్తె రానే రాదు. మీకు సర్కారుల తెల్సినోళ్ళుంటె జర చెప్పుండ్రి," అన్నాను.

ఆయన గట్టు వైపు చూశాడు. వీలుంటే ఆ మట్టి తన తువ్వాలుతో తీసేవాడేమో.

అట్లా ఆ ఊళ్ళో చదువు మొదలైంది. పద్నాలుగో ఎక్కం వచ్చింది. దేశపటం గోడకెక్కింది. "గా రెండో పంతులు జ్వరం ఎన్నడు తగ్గుతది?" అని మా అత్త రోజూ పొద్దున్నే అడిగేసరికి, ఆ సంగతి ఎట్లా పాకిందో, ఆయనకూ జ్వరం తగ్గింది. మా అత్తకు చదువు మీద ప్రేమ పుట్టిందని రాయకు. పనికని వచ్చిన మనిషి పని చేయకుండా కూర్చుంటే ఆమెకు గిట్టదు, అంతే. మగ్గం దగ్గర మా మీద పెట్టే కాపలా అక్కడ పంతుళ్ళ మీద పెట్టింది. నాకైతే ఇంట్లో పగలంతా ఊపిరాడింది.

ఏడాది తిరక్కముందే గోదాములో పనిచేసే ఇంకొకాయన కుటుంబంతో ఇల్లు వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చాడు. ఇల్లుగలాయన ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెబుతుంటే నేను విన్నాను. "భద్రమైన జాగా. ముంగట కాలువ. ఇగ బడంటవా, గిసొంటి బడి నల్లగొండల సుత లేదు. అందుకే కిరాయి జర ఎక్కువ." ఆ మాటతో మాకూ కిరాయి పెంచాడు. బడిని బాగుచేసింది మా అత్త, బాగుపడిన బడి పక్కన ఉన్నందుకు కిరాయి ఎక్కువ కట్టింది మేము. మా అత్తకు ఇది చెబితే కోపం వస్తుందనుకున్నాను. ఆమె వీధిలో నిలబడి, "మేము అన్ని ఇచారం జేసుకొనే ఈ ఊరు ఎంచుకున్నం," అని ఆ వచ్చినావిడకు చెబుతోంది.

కాలువలో నీళ్ళు రాకముందే మీ అమ్మ ఏడో తరగతి పరీక్ష పాసైంది. పాసైన సంతోషం నాకు ఒక్క పూటే. ఎనిమిదో తరగతికి నల్లగొండ పోవాలి. అక్కడ మా వాళ్ళ ఇల్లు ఒకటుంది, పిల్లను ఉంచుకుంటామన్నారు. అయితే నల్లగొండ ఏ గడపలోంచి కనబడుతుంది? ఏ గట్టెక్కితే కనబడుతుంది? ఆ శనివారం మీ తాత లారీ దిగి వచ్చాక వాకిట్లోనే ఆపి, తల్లికి ఏం చెప్పాలో, మొదట ఏం చెప్పాలో, ఆమె కాదంటే ఏం చెప్పాలో అన్నీ నేర్పించాను. ఆయన పెదవులు కదుపుతూ బట్టీపట్టాడు. ఇద్దరం ధైర్యం కూడగట్టుకుని లోపలికి పోయాం.

మా అత్త నేల మీద కూర్చుని రాట్నం చక్రం విప్పేసి, ఆకులు వరసగా పేర్చి, మీ తాత తెచ్చిన గోనె సంచిలో సర్దుతోంది. మీ అమ్మ పుస్తకాలు అప్పటికే ఆ సంచి అడుగున ఉన్నాయి.

"గాడ బడికి అరుగు ఏ దిక్కున్నదో ముందుగాల పోయి సూసి రా," అంది కొడుకుతో, తల ఎత్తకుండా. "పడమటి దిక్కైతే మద్దినాల ఎండ కొడ్తది."